ఎర్రట్ట పుస్తకంలో గీతలు

జూన్ 9, సోమవారం

పైకప్పు మళ్ళీ కారింది. గని కార్మికుల ఇళ్ళ వరసలైన మా లైన్ల రీడింగ్ రూంకు ఇకపై ఒక్క బీరువానే. మిగతా గది అంగన్‌వాడీకి. పెద్దమనుషులు తేల్చేశారు. బీరువాలో పట్టినన్ని ఉంచుకోవాలి, మిగిలినవి పాత పేపర్ల మనిషికి. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి, రిటైరై ఈ గది తాళంచెవి పట్టుకున్నందుకు నాకు దక్కిన బహుమానం. ఏవి ఉంచాలో నేనొక్కదాన్నే తేలిస్తే తిట్లు తప్పవు. వచ్చినవాళ్ళందరినీ అడుగుతాను... నీకిష్టమైన పుస్తకం ఏది, ఎందుకు?

జూన్ 10

వెంకటప్పన్న వచ్చాడు. గనిలోకి మనుషుల్ని దించే ఇంజన్ నడిపిన చెయ్యి ఆయనది. ఇష్టమైన పుస్తకం — బావి తవ్వేవాళ్ళ కథ. "రాసినోనికి తవ్వేది ఏమీ తెలీదమ్మా. పేజీపేజీకీ తప్పే." మరి ఎందుకన్నా ఇష్టం? "వాన్ని తిట్టుకుంటా చదివేదానికి." ఏడుసార్లు చదివాడట. ఉంచాను.

జూన్ 11

కవిత, నర్సింగ్ చదివే పిల్ల. రైలు తప్పిపోతుందని గుమ్మంలోనే నిలబడి చెప్పింది. ఆమెది ప్రేమ నవల. "మారికుప్పంలో ఎక్కి ఒక చాప్టర్ ముగిస్తే బంగారుపేట వచ్చేస్తాది ఆంటీ. కరెక్టుగా." అదీ ఒక కారణమేనా అనబోయి ఊరుకున్నాను. నాకు నచ్చిన పుస్తకాలకు నా దగ్గర పెద్ద పెద్ద కారణాలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఈ పిల్ల కారణమంత గట్టిగా లేదు.

జూన్ 13

మునెమ్మక్క. చదువు రాదు. ఈ గదిలో ఎప్పుడూ అడుగుపెట్టని మనిషి. చెప్పులు బయట విడిచి, చేతులు కొంగుకు తుడుచుకుని — "ఎర్రట్ట పుస్తకం ఉండాదా టీచరమ్మా?"

ఉంది. మొదటి పుటలు పోయి పేరు కూడా తెలియని నవల. తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ ఒక అక్క ఊరూరూ తిరుగుతుందట. నేను చదవలేదు. పేరు లేని పుస్తకమంటే నాకు చిన్నచూపు.

ఆమె భర్త నారాయణప్ప షిఫ్టుకు పోయేముందు అరుగు మీద కూర్చుని దాన్ని లైనంతా వినేటట్టు చదివేవాడు. అప్పట్లో మా లైన్లలో అదే వాడుక. చదువొచ్చినవాడు చదవాలి, మిగిలినవాళ్ళు వినాలి. గని కూత వేయగానే ఆపి, ఆపినచోట పెన్సిల్‌తో చిన్న గీత. మర్నాడు అక్కడి నుంచి.

"ఎనక దగ్గు పట్టుకునింది. నాలుగు మాటలు చదివేది, నిలిపేది. చెల్లెలు దొరికిందా అంటే, రేపు చెప్తాలే అనేవాడు. ఇంగ చెప్పనే లేదు."

పాతికేళ్ళ పైమాట. ఇంకెవరినైనా అడిగితే చెప్పేవాళ్ళు కదక్కా అన్నాను.

"అట్ల కాదమ్మా. అంతకుముందుదంతా ఆయన నోట విన్నాను. ఆయన కడాగా గీసిన గీత యాడుండాదో చూసి, ఆడ్నుంచి చదువమ్మా. ఇది పాత పేపర్లకు పొయ్యేలోగా."

పుస్తకం ఆమె ముందు తెరవలేదు. సోమవారం రమ్మన్నాను.

జూన్ 14

పోయిన వానాకాలం నేను చేసిన ఘనకార్యం — రెండు రబ్బర్లు అరిగేదాకా, పుస్తకాలన్నిటిలోని పెన్సిల్ గీతలు తుడిచేశాను. ఎవరు పాడు చేశారో అని తిట్టుకుంటూ. నోటుబుక్కులు దిద్దిన చెయ్యి, ఊరుకోదు. ఎర్రట్టదీ తుడిచాను. అందులో గీతలు లెక్కలేనన్ని, బాగా గుర్తు.

సిగ్గుగా ఉంది.

జూన్ 16

చెప్పేశాను. ఏదో ఒక పుట తెరిచి ఇదే అక్కా అనవచ్చు, ఆమెకు అక్షరాలు తెలియవు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. ఆమె ముఖం చూశాక అబద్ధం నోట రాలేదు.

"తుడిచేసినావా?"

అంతే. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 17

రాలేదు.

జూన్ 18

రాలేదు. బీరువా సర్దడం సగంలో ఉంది. గని మట్టి దిబ్బల మీంచి గాలి వీచి పుస్తకాలన్నీ దుమ్ము. తుడవాలంటే భయం.

జూన్ 19

పొద్దుటి ఎండ గుమ్మంలోంచి ఏటవాలుగా పడుతోంది. ఊరికే ఎర్రట్టది తెరిచి పట్టుకున్నాను. గీత పోయింది కానీ నొక్కు పోలేదు! వేలితో తడిమితే తెలుస్తోంది. మధ్యాహ్నందాకా అదే పని. మొదట్లో ఎనిమిది, పది పుటలకొక నొక్కు. పోనుపోను మూడు పుటలకు, పుటకు. చివర్లో ఒక్క పుటలోనే రెండు, మూడు. ఆయన ఊపిరి ఎలా తగ్గుతూ వచ్చిందో తెలిసిపోతోంది. ఆఖరిది రెండు వందల పన్నెండో పుట, వాక్యం మధ్యలో. ఆ తర్వాత కాగితమంతా నున్నగా ఉంది.

గది తలుపు మూసి ఏడ్చాను.

జూన్ 20

వాళ్ళింటికి వెళ్ళాను. రాగులు చెరుగుతోంది. నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. పక్కన కూర్చుని, ఆమె వేలు పట్టుకుని నొక్కు మీద పెట్టాను. ఇక్కడక్కా, ఇక్కడే నిలిపాడు.

చాలాసేపు వేలు తీయలేదు.

"గట్టిగానే గీసినాడు" అంది. చదవనా అంటే — "రేపు."

జూన్ 21

వాళ్ళ అరుగు మీదే చదివాను, ఆయన ఆపిన మాట తర్వాతి మాట నుంచి. అక్క సంతలో బండి దిగుతుంది. జనం. ఎవరో నవ్వారు, చెల్లెలి నవ్వులాగే... పుట అయిపోయింది. తిప్పబోతే మునెమ్మక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంగెన్ని పేజీలు ఉండాయి?"

పద్దెనిమిది.

"దినానికొకటి చాలు."

నవ్వింది చెల్లెలేనా కాదా, నాకే ఆగడం లేదు. ఒక్కసారి చూస్తానక్కా అంటే చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "గీత గీయమ్మా."

సంచిలో వెతికితే రబ్బరు ఉంది, పెన్సిల్ లేదు. ఆమే పక్కింట్లో అడిగి తెచ్చింది. గీశాను, అలవాటు లేని చెయ్యి, సన్నగా. వేలితో తడిమి చూసింది.

"ఇంకా గట్టిగా గీయమ్మా. మళ్ళీ ఎవురన్నా రబ్బరు ఎత్తుకోని వస్తారు."

మళ్ళీ గీశాను, నొక్కు పుట వెనక తేలేదాకా.