హారన్ కొట్టి ఆగిన ఐదు సెకన్లు

గోదావరిఖని

ప్రియమైన బిడ్డ ఎవాంజెలిన్‌కు,

వందనాలు. మీ గురుకులంలో ఫోన్లు ఉండనివ్వరు కాబట్టి ఈ ఉత్తరం. ఫిజిక్స్‌లో నువ్వే ఫస్టని వాడంతా చాటాను. పక్కింటి సారవ్వ, "ఇగ చాలు తియ్యి, చెవులు నొస్తున్నయి" అంది.

ఇప్పుడు నీతో పని పడింది. మన సారవ్వ కొడుకు టోనీ బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపే ఆపరేటర్ పరీక్ష రాస్తున్నాడు. ఈసారి తప్పితే మళ్లీ అవకాశం లేదట. లెక్క ఇది: ఆగి ఉన్న డంపర్ ఒకే తీరుగా వేగం పెంచుకుంటూ పది సెకన్లలో సెకనుకు పది మీటర్ల వేగం అందుకుంది. తర్వాత అదే వేగంతో ఇరవై సెకన్లు నడిచింది. మొత్తం ఎంత దూరం? గని రూలు ప్రకారం కదిలేముందు హారన్ కొట్టి ఆగే ఐదు సెకన్లూ కలిపి, ముప్ఫై ఐదు పదులు మూడు వందల యాభై అంటున్నాడు. పుస్తకంలో రెండు వందల యాభై ఉంది. తప్పెక్కడ?

మీ అమ్మ,
సుగుణమణి

*

ప్రియమైన అమ్మా,

పరీక్షలో హారన్ ఎవరు కొట్టమన్నారు? నవ్వలేక చచ్చాను. ఆ ఐదు సెకన్లు బండి కదల్లేదు, తీసేయమను.

మొదటి పది సెకన్లలో వేగం సున్నా నుంచి పదికి పెరిగింది, అంటే సగటున ఐదు. పది సెకన్లకు యాభై మీటర్లు. తర్వాత వేగం మారలేదు కాబట్టి ఇరవై సెకన్లకు రెండు వందలు. రెండు ముక్కలూ విడివిడిగా చేసి కలపాలి.

టోనీ అన్నకు ధైర్యం చెప్పు. ఖాళీ కడుపుతో పరీక్షకు వెళ్లొద్దను. మోకాలికి నూనె రాసుకోవడం మరవొద్దను.

ప్రేమతో,
ఎవాంజెలిన్

*

నా బంగారు బిడ్డా,

మోకాలి నొప్పి నాకు గానీ టోనీకి ఎక్కడిదే దొంగా! నీకు అప్పుడే తెలిసిపోయిందన్నమాట. నాలా రోజూ గని యార్డులో పనిచేసేవాళ్లు తప్ప లెక్కలో హారన్ ఎవరు కొడతారులే.

అవును, పరీక్ష నాదే. మీ నాన్న పోయాక హెల్పర్‌గా చేరాను కదా, ఈసారి తప్పితే వయసు దాటిపోయేది. తప్పితే నీకు ముఖం చూపించలేనని టోనీని అడ్డం పెట్టుకున్నాను. సరిగ్గా అలాంటి లెక్కే వచ్చింది. రెండు ముక్కలు చేసి కలిపాను. పాసయ్యాను బిడ్డా!

ఫోర్‌మన్ నర్సింగం కాక, "ఎవరు నేర్పిండ్రమ్మా గింత సాఫ్‌గ?" అన్నాడు. "నా బిడ్డ" అన్నాను. ఆ మాట యార్డంతా వినపడాలని కొంచెం గట్టిగానే అన్నాను.

నిన్న మొదటిసారి ఒంటరిగా డంపర్ ఎక్కాను. హారన్ కొట్టి ఆగాను. ఆ ఐదు సెకన్లు లెక్కలోకి రావన్నావు కదా. నిన్ను తలుచుకోవడానికి సరిపోయాయి. తర్వాత బండి కదిలించాను.

ఇట్లు,
డంపర్ ఆపరేటర్ సుగుణమణి,
మీ అమ్మ