పత్తిగింజ కొరికిన దవడ

శనివారం

మా సుజాతకు ఆడపిల్ల పుట్టింది! పెళ్లయిన తొమ్మిదేళ్లకు నన్ను తాతను చేసింది నా తల్లి! ఆసుపత్రి గుమ్మంలో నిలబడే చూశాను, పాప బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. నా ఎడమ బుగ్గా అలాగే ఉంది, కానీ ఇది వాపు.

పంటికి క్యాప్ వేయించుకుని పది రోజులైంది. గట్టివి కొరకొద్దని డాక్టరు గారు చెప్పారు. మొన్న పత్తి ఆరిందో లేదో చూద్దామని, అలవాటుకొద్దీ గింజను ఆ పంటితోనే కొరికాను. అప్పటినుంచి ఒకటే సలుపు. నోరు సగమే తెరుచుకుంటోంది.

"నీ ఒళ్లు కాలిపోతోంది నాన్నా. ముందు పన్ను చూపించుకో, తర్వాతే పాపనిస్తా," అంది సుజాత.

"పత్తి ఆరిందా మరి?" అని మా ఆవిడ ఎకసెక్కం.

రేపు ఆదివారం, పంటి డాక్టరు ఉండరు. లోపల చీము పట్టిందేమో. పన్ను పోతే పోనీ, సోమవారం దాకా పాపను ఎత్తుకోకుండా ఎలా...

చెప్పాల్సినవాళ్లు: నల్లపాడు తమ్ముడు, పెదకాకాని పిన్ని, నరసరావుపేట బావమరిది. వీళ్లకు మా ఆవిడ ఫోన్ చేస్తుంది.

మార్టూరు అక్కయ్యకు మాత్రం నేనే చెప్పాలి. ఈ కబురు కోసం నాకన్నా ఎక్కువ మొక్కుకుంది. ఆమెకు చెవుడు, నోరంతా తెరిచి అరవాలి.