నాలుగో కంచం

ఒసే రవణా,

ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, నేటి నుంచి మన ఇంట్లో వంకాయ పులుసులో బెల్లం వేయడం నిషేధించడమైనది. నువ్వు పోయి ఏడాదైనా నాకు నీలా కుదరలేదు.

అసలు కబురు నీ మరిది గురించి. స్కిజోఫ్రేనియా మందులతో వాడికి చెవిలో గొంతులు తగ్గినా, చెప్పిన పని బుర్రలో నిలవడం లేదని బెంగపడేదానివి. భోజనాలకు కంచాలు పెట్టే పని అప్పజెప్తే ఓరోజు రెండు పెట్టేవాడు, ఓరోజు ఆరు. ఇప్పుడు విజయనగరం ఆసుపత్రిలో ట్యాబ్ మీద ఆటలతో గుర్తుంచుకోవడం నేర్పిస్తున్నారు. ఈ రోజు ఆటలో, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కంచాలు పెట్టాలి. మేం ముగ్గురం: నేను, పాప, వాడు. వాడు నాలుగు పెట్టాడు.

"ఏటిరా అప్పన్నా, నాలుగోది ఎవలికి? నీ పెళ్ళానికా?" అన్నాను.

"వదినకి," అన్నాడు.

నమ్మేశావా? అది నా కల్పన. వాడు మూడే పెట్టాడు, ఒక్క తప్పూ లేకుండా. నాలుగోది ట్యాబ్ మీద వేలితో నేను పెట్టాను. "మూడే అన్నియ్యా, సరిగ్గా సూడు," అని వాడే నా చెయ్యి పట్టుకుని దాన్ని తీయించాడు.