ఎండుచేపల కొట్లో పిల్లికి పథ్యం

ఏప్రిల్ 21, సోమవారం

ఈరోజు నుంచి మా పాషాకి ఎండుచేప బంద్! తలకాయ లేదు, తోక లేదు, అడుగున పొడి కూడా లేదు. మదార్ మాటంటే మాట.

జరిగింది ఇది. మూడు రోజులుగా మా గండుపిల్లి పాషా మూలమూలకీ పోయి కూర్చుంటాడు, ముక్కుతాడు, ఏమీ రాదు. మలబద్ధకం అనుకున్నా. ఆముదం పట్టించినా. చెయ్యి రక్కేసినాడు. పొద్దున రక్తం చుక్కలు పడేసరికి నా భార్య షాహనా ఏడుపు మొదలుపెట్టింది. రొయ్యల ట్రేలో కూర్చోబెట్టి, పైన వల కట్టి, బండి మీద నెల్లూరు తీసుకపోయినాం. పశువుల డాక్టరమ్మ కరుణాకుమారి గారు పొట్ట నొక్కి చూసింది. ఆముదం సంగతి విని నన్ను చూసిన చూపు ఉందే!

"మూత్రసంచిలో ఇన్ఫెక్షనండీ. మగపిల్లికి మూత్రం దారి సన్నం. మూసుకుపోయిందా, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది."

మందులు. నీళ్లు ఎక్కువ, తిండి కూడా తడిదే. ఉడికించిన కోడి. ఉప్పుచేప మాత్రం జన్మలో వద్దు.

"మీరేం పని చేస్తారు?" అని అడిగింది. ఎండుచేపల కొట్టు అన్నా. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

ఏప్రిల్ 22

అబ్బ! కోడి సూపు తాగినాడు. ఇంట్లో ఎటు చూసినా నీళ్ల గిన్నెలే. ఉచ్చ పోసినాడు! నా చెప్పులో పోసినాడు, అయినా సంతోషమే. నేనూ షాహనా ఆ చెప్పు చుట్టూ నిలబడి మురిసిపోయినాం. ఇంత సులువా!

ఏప్రిల్ 23

ఒక చిక్కు. మా కొట్లో బేరం ఎట్లా జరుగుతుందంటే, ఆడోళ్లు వస్తారు, వేలంత ఎండుచేపలు, నెత్తళ్లు, వాసన చూస్తారు, నా మాట నమ్మరు. ఒకటి తీసి పాషా ముందు వేస్తారు. తింటే కొంటారు. మొహం తిప్పుకున్నాడా, అది ఈగల మందు కొట్టిన సరుకే. కొట్టుకి మేనేజరు వాడు, తూకం వేసేది నేను.

పైగా సముద్రంలో వేట నిషేధం రోజులు. పచ్చిచేప దొరకదు, ఇదే మాకు సీజను. వాణ్ణి ఇంట్లో పెట్టి తలుపేసినా. పవర్ ప్లాంటు దగ్గర మెస్సు నడిపే అంకాలమ్మ వచ్చింది.

"పిల్లేది బాయ్?"

"ఒంట్లో బాలేదక్కా."

"నీ చేపలు తిన్నందుకా?"

సంచి దులుపుకొని పోయింది.

ఏప్రిల్ 25

ఊరంతా పాకింది. మదార్ చేపలు తిని పిల్లి ఆసుపత్రి పాలైందంట! ఎదురు కొట్టు గంగులయ్య ఎక్కడిదో ఒక పిల్లిని తెచ్చి గల్లాపెట్టె మీద కూర్చోబెట్టినాడు. దానికి బొట్టు కూడా పెట్టినాడు. సిగ్గులేని మనిషి.

ఏప్రిల్ 26

ఉపాయం! నెత్తళ్లు నానబెట్టి ఉప్పు తీసేస్తే అది ఎండుచేపెట్లా అవుతుంది? తడిచేప. డాక్టరమ్మ తడి తిండే పెట్టమనింది. షాహనాకి చెప్పకుండా పాషాని కొట్టుకి తెచ్చినా.

గిరాకీలందరి ముందు వాడు దాన్ని వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయినాడు. కొంప మునిగింది.

ఏప్రిల్ 28

ఒక్క ఎండుచేప పెట్టినా. చిన్నది. వేలంత కూడా లేదు. అంకాలమ్మ ముందు. నమిలినాడు, మూతి నాక్కున్నాడు, ఆమె సంచి నిండా తీసుకుంది. మందులు వేస్తానే ఉన్నా కదా, ఏం కాదు.

ఏప్రిల్ 29

గిరాకీకి ఒకటే. అది తిండి కాదు, డ్యూటీ. గిరాకీ ఎక్కువైతే నేనేం చేసేది? గంగులయ్య పిల్లి నిద్రపోతా ఉంది. బాగా అయింది!

ఏప్రిల్ 30

"గిన్నెలో నీళ్లు అట్లనే ఉండాయి. కోడి ముట్టలేదు. ఏందండీ?" అనింది షాహనా. ఎండలు కదా అన్నా. రేపట్నుంచి మానేస్తా.

మే 1

మానలేదు. మేడే సెలవు, ప్లాంటు క్వార్టర్స్ ఆడోళ్లంతా వచ్చినారు.

మే 2, శుక్రవారం

పాషా బస్తాల వెనక పడున్నాడు. పొట్ట రాయిలాగుంది. అరవడం కూడా లేదు. పిలిస్తే చెవి కదిలించినాడు, అంతే.

"ఎన్ని పెట్టినారు?" అనింది షాహనా. చెప్పినా. ఆమె చెప్పులేసుకుని ఆటో పిలవను పోయింది. తిట్టుంటే బాగుండేది. ఆటోలో నెల్లూరు పోయేదాకా నా ఒళ్లో వణకతా ఉన్నాడు. భయమేసింది. నిజంగా భయమేసింది.

డాక్టరమ్మ మత్తిచ్చి, సన్నటి గొట్టం వేసి మూత్రం తీసింది. ఇంకో పూట ఆగుంటే పోయేవాడంట. మళ్లీ మూసుకుపోతే ఆపరేషనే, బతుకుతాడని మాటివ్వలేనంది.

"ఈసారి ఆముదం పట్టించలేదు మేడం" అన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు.

మే 5, సోమవారం

పాషా ఇంటికొచ్చినాడు. ఈరోజు నుంచి ఎండుచేప బంద్! ఖాయం! వాడు ఇంట్లో, తాళంచెవి షాహనా కొంగుకి.

కొట్లో అంకాలమ్మ ముందు నేనే నెత్తళ్లు తీసి, వండకుండానే కరకరా నమిలి మింగినా. "చూడక్కా, నేనే తింటున్నా, ఇంకేం కావాలి?"

"నువ్వు అమ్ముకునేవాడివి బాయ్. ఏదైనా తింటావు" అని గంగులయ్య కొట్లోకి పోయింది. పోతే పోనీ!

ఇంటికి పోతానే పాషా నా ఒళ్లోకెక్కి వేళ్లు నాకడం మొదలుపెట్టినాడు. ఒక్కో వేలూ, సందు సందూ. నా మీద ఎంత ప్రేమరా నీకు అని కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

షాహనా వచ్చి వాణ్ణి ఎత్తుకుని, నా చేతిలో సబ్బు పెట్టింది.