ఆఖరి వంతు

మంగళవారం

మా ఎల్బీ నగర్ కాలనీకి పైపు వేసిననాటి నుంచి మా గల్లీకే నీళ్లు ఆఖరున వస్తున్నాయి. ఆఖరున పట్టుకుంటామని మాట ఇచ్చింది నేనే. ఊళ్లో మాది నీరడి ఇల్లు. చెరువు నీళ్లు అందరి మళ్లకు పంచినాకే నీరడి తన మడికి పెట్టుకోవాలి. ఇక్కడా అదే పద్ధతన్నాను. కాలనీ ప్రెసిడెంటు, నా బామ్మర్ది యాదగిరి, ఆ రోజు అందరితో చప్పట్లు కొట్టించాడు.

ఈ ఎండాకాలం మా నల్లా బకెట్ అడుగు కూడా తడపడం లేదు. అడుగుదామని ఈ రోజు పోతే, యాదగిరి గేటు పక్కన బండ కింద మోటారు గుర్రుమంటోంది. నీళ్లు గుంజేందుకు కాలనీ పైపుకే బిగించాడు.

"ఏందిర ఇది?" అన్నాను.

"నువ్వే గద బావా, ఆఖరికి పట్టుకుంటనన్నది. నీ మాట నేనెట్ల తీసేస్త?" అని నవ్వాడు.

ఆఖరున అన్నాను గానీ అసలే వద్దనలేదు. నీరడి మడి కూడా తడిసేది.

ట్యాంకర్ కాడ బిందెలు మోసి మోకాళ్లు పట్టేసిన నా భార్యకు చెప్పాను. "మా తమ్ముడు గట్ల చెయ్యడు. జర సరిగ్గ చూసినవా?" అన్నది.

ఆదివారం పొద్దుగూకే లోపల యాదగిరి ఆ మోటారు పీకాలి. లేదా తన అక్క ముందు కూర్చొని, ఆమె నీళ్లు ఎందుకు గుంజుకున్నాడో చెప్పాలి. నాకు కాదు, ఆమెకే చెప్పాలి.