దినాన్ ఇత్తడి, మా బిందె

లమ్మడా, మార్చి 2021, ఆదివారం

మిలటరీ వాళ్ళు నెట్ కోసేశారు. చేసేదేమీ లేక బెల్జియంలోని దినాన్ ఊరి టూరిస్టు పుస్తకమే మళ్ళీ తీసి అమ్మకి చదివి వినిపించాను. కొండ మీద కోట, కింద ఉల్లిపాయలాంటి గోపురమున్న చర్చి. ఒకప్పుడు ఆ ఊరు ఇత్తడి గిన్నెలు చేసే బతికిందట. ఓ డ్యూక్ దండెత్తి ఊరంతా తగలబెట్టాడట.

"ఆడున్నాడేటి ఇప్పుడు?" అంది అమ్మ.

"ఎప్పుడో పోయాడమ్మా."

"మరి గిన్నెలు?"

"ఉన్నాయి, మ్యూజియంలో."

పోయిన నెల గద్దెనెక్కిన మిలటరీ దయ్యం దిగిపోవాలని రోజూలాగే రాత్రి ఎనిమిదింటికి వీధంతా గిన్నెలు వాయించడం మొదలైంది. ఇన్నాళ్ళూ నా అన్నం గిన్నెకే సొట్టలు పెట్టిన అమ్మ, ఇవాళ తాతమ్మ శ్రీకాకుళం నుంచి ఓడలో ఈ దేశానికి తెచ్చిన ఇత్తడి బిందె దించింది.

"ఇత్తడైతే ఉండిపోతాది," అంటూ గరిటె అందుకుంది.

ఆ మోతకి కింద మిలటరీ లారీ ఆగింది. అమ్మ ఆగలేదు.