సాక్ష్యం ఉన్న పిల్ల

తుని,
ఆదివారం.

అమ్మకు వినీల వందనాలు.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏంటి అనుకుంటావు. ఫోనులో నీకు ఏదైనా కష్టం చెప్పబోతే రెండో మాటకే "కళ్ళు మూసుకో, ప్రార్థన చేద్దాం" అంటావు. కళ్ళు తెరిచేసరికి నీ వంటకి వేళవుతుంది. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపలేవు. నాన్నతో చదివించుకోకు. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు.

ముందు మంచి కబురు. కడుపులో బిడ్డ బాగుంది. ఏడో నెల స్కానింగు చూసి డాక్టరమ్మ గారు, "కొంచెం బొద్దుగా ఉంది, షుగర్ ఇంకాస్త అదుపులో పెట్టమ్మా" అన్నారు. తినేముందు, తిన్నాక వేలు గుచ్చుకుని చూసుకుంటున్నాను. నా వేళ్ళు జల్లెడ అయిపోయాయని జయపాల్ ఏడిపిస్తున్నాడు. అన్నం కప్పుతో కొలిచి అతనే పెడతాడు. మారు అడిగితే కూర వేస్తాడు. గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని అన్నం కొలుచుకుని తినే రోజు వస్తుందని ఎవరనుకున్నారు? స్కూల్లో స్టాఫ్‌రూములో అందరి ముందే సూది వేసుకుంటున్నాను. పక్కన కూర్చున్న తోటి టీచర్లు తల కూడా తిప్పకుండా పేపర్లు దిద్దుకుంటారు. నాకు అది ఎంత హాయిగా ఉంటుందో నీకు చెప్పలేను.

ఇక అసలు సంగతి. పురిటికి నేను మన ఇంటికి రావడం లేదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరక్కపోతే ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు. "సంపూర్ణమ్మకి కూతురికి పురుడు పోసే ఓపిక కూడా లేదా" అంటారు. నువ్వు గదికి సున్నం వేయించావని, పాత చీరలు ఉతికి మెత్తటి పొత్తిగుడ్డలు చింపి పెట్టావని నాన్న చెప్పారు. అది విన్నాక ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి చాలా రోజులు పట్టింది. నీ వంటకి భయపడి కాదు, నీ చేతి స్వీట్లకి భయపడి కూడా కాదు. కారణం నువ్వు చెప్పిన సాక్ష్యం.

ఇది నీకు తెలియని కథ కాదు. కానీ నా వైపు నుంచి ఎప్పుడూ వినలేదు. టెన్త్ చదువుతుండగా నాకు షుగర్ బయటపడింది, కాకినాడ ఆస్పత్రిలో ఇంజక్షన్లు మొదలయ్యాయి. నువ్వూ స్త్రీల సమాజం వాళ్ళూ ఉపవాస ప్రార్థనలు చేశారు. తర్వాత రిపోర్టు మామూలుగా వచ్చింది. డాక్టరు గారు అప్పుడే చెప్పారు, "మొదట్లో కొందరికి కొన్నాళ్ళు ఇలా తగ్గినట్టు ఉంటుందమ్మా, మళ్ళీ వస్తుంది, ఇంజక్షన్ ఆపకండి" అని. నువ్వు మొదటి ముక్క విన్నావు, రెండోది నీ ఆనందంలో కొట్టుకుపోయింది. ఆ ఆదివారమే గుళ్ళో నన్ను పక్కన నిలబెట్టుకుని, "నా బిడ్డకి దేవుడు షుగర్ పూర్తిగా తీసేశాడండి" అని ఏడుస్తూ సాక్ష్యం చెప్పావు. గుడంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను. నాకూ నిజమే అనిపించింది.

వేసవి సెలవులకల్లా షుగర్ తిరిగొచ్చింది. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో మనకి తెలియలేదు. ఇంజక్షన్ మాత్రం నువ్వు ఒక్క పూట కూడా మాననివ్వలేదు. ఆ మాట ఎవరడిగినా చెబుతాను. పిఠాపురం మందుల షాపులో కొంటే ఊరికి తెలిసిపోతుందని కాకినాడ బస్సెక్కేదానివి. టిఫిన్ క్యారేజీలో కింద గిన్నెలో ఐసు, మధ్య గిన్నెలో ఇన్సులిన్, ఎవరైనా మూత తీస్తే కనబడడానికి పై గిన్నెలో పులిహోర. నేను బాత్రూములో కుళాయి తిప్పి సూది వేసుకునేదాన్ని. సూది చప్పుడు చేయదని ఇద్దరికీ తెలుసు. అయినా కుళాయి తిప్పమనేదానివి.

ఊళ్ళో నా పేరు సాక్ష్యం ఉన్న పిల్ల. ఎవరింట్లో పుట్టినరోజైనా కేకు ముందు నా నోట్లోనే పెట్టేవారు. పెళ్ళికి ముందు జయపాల్‌కి నేనే చెప్పేశాను కాబట్టి ఇక్కడ ఆ బాధ లేదు. అక్కడి సంగతి కూడా ఎలాగో మోసేదాన్నే, మన గుళ్ళో మొన్నటి కోత పండుగ జరక్కపోయి ఉంటే.

ఆ రోజు ఆరాధన అయ్యేసరికి వంటల పాకలోంచి కోడికూర వాసన వచ్చింది. ఇక భోజనాలే అనుకుని గుడి వెనక దొడ్లోకి వెళ్ళి సూది వేసుకుని వచ్చాను. వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుందని నీకు తెలుసు. వచ్చి చూస్తే జనం గుడికి తెచ్చిన అర్పణల వేలం ఇంకా నడుస్తోంది. శాంతికుమార్ గారూ ఏసుపాదం బాబాయీ ఒక కోడిపుంజు దగ్గర పంతానికి పడ్డారు. ఒకరు పాడితే ఇంకొకరు పైన పాడుతున్నారు. పుంజు కూడా విసిగిపోయి అరవడం మానేసింది. జనం ఒకటే నవ్వు. నాకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, నాలుక మొద్దుబారింది. లేవబోయి ఊగాను. పక్కనున్నావిడ "ఆత్మ తాకిందండీ, స్తోత్రం" అంది. ఇంకెవరో నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. నాకు కడుపులో బిడ్డ తప్ప ఇంకేమీ తోచలేదు. ఆ చేతిని తోసేసి వెళ్ళి, వేదిక ముందు పెట్టిన అరటి గెలలోంచి పండు తెంపి తిన్నాను. తర్వాత ఇంకోటి. వేలం కూడా కాని, దేవుడికిచ్చిన గెల. వేలం ఆగిపోయింది.

నువ్వు పరుగెత్తుకొచ్చావు. ఏమైందో నీకు తెలుసు, నీ మొహం పాలిపోయింది. అయినా అందరి వైపూ తిరిగి నవ్వావు. "కడుపుతో ఉన్న పిల్ల కదండీ, ఆశ పుట్టింది" అన్నావు. అందరూ నవ్వారు. నోట్లో పండు పెట్టుకుని నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక, "లోపలికి పట్టుకెళ్ళి తినకూడదా అమ్మా" అన్నావు.

ఆ మాటకి కోపం రాలేదమ్మా, భయం వేసింది. ఇన్నాళ్ళూ దాగింది నేనొక్కదాన్నే. ఇప్పుడు ఇద్దరం. పురిటింటికి రోజూ జనం వస్తారు. పాలిచ్చేటప్పుడు షుగర్ ఉన్నట్టుండి పడిపోతుందని డాక్టరమ్మ గారు చెప్పారు. బాలింత మంచం దిగి ఎన్నిసార్లు బాత్రూములోకి వెళ్ళగలదు? నువ్వు వచ్చినవాళ్ళకి నవ్వుతూ సర్దిచెప్పేలోగా నేను పడిపోతే, నా చేతుల్లోంచి బిడ్డ పడిపోతే? నీ సాక్ష్యం నిలబెట్టడానికి నా బిడ్డని పణం పెట్టలేను. ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాలేదు.

కాన్పు కాకినాడలో, తర్వాత తునికే. నువ్వు వచ్చి చూసి వెళ్ళు. కోపం వస్తే తిట్టు, కానీ మాట్లాడడం మానకు.

నీ కూతురు,
వినీల


ప్రియమైన కుమార్తె వినీలకు అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. చింపేద్దామన్నంత కోపం వచ్చింది. మీ నాన్నగారు "చింపితే మళ్ళీ అతికించుకోవాలి, దాచుకో" అన్నారు. మర్నాడు మళ్ళీ చదివాను. పులిహోర దగ్గరికి వచ్చేసరికి కోపం పోయి ఏడుపొచ్చింది. నువ్వు లోపల కుళాయి తిప్పేదానివి, నేను బయట తలుపుకి ఆనుకుని నిలబడేదాన్ని. అది నీకు తెలీదు.

జవాబు రాద్దామని కూర్చుంటే ఏసుపాదం గారి భార్య వచ్చింది. వాళ్ళ కోడలు రూబీకి ఆరో నెల. దానికి కడుపుతో ఉండగానే షుగర్ బయటపడిందట. డాక్టరు గారు ఇంజక్షన్ రాస్తే వేసుకోనని మొండికేసిందట. వచ్చి ప్రార్థన చెయ్యమంది. వెళ్ళాను. రూబీ నా ముందు మోకరించి, "వినీల అక్కకి పోయింది కదా ఆంటీ, నాకూ పోతుంది, గట్టిగా చెయ్యండి" అంది. దాని నెత్తిన చెయ్యి పెట్టాను. మాట రాలేదు. నాకు ప్రార్థన రాకపోవడం నువ్వెప్పుడైనా చూశావా? అది కళ్ళు మూసుకుని నమ్మకంగా కూర్చుంది. నేను దాని కడుపు వైపు చూశాను. నా బిడ్డ నోరు మూశాను సరే, ఇప్పుడు పరాయి బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను కదా అనిపించింది.

లేపి కుర్చీలో కూర్చోబెట్టి చెప్పేశాను. "మా వినీలకి పోలేదమ్మా. ఇప్పటికీ రోజూ సూది వేసుకుంటది. నేనే దాచాను. నువ్వు మాత్రం దాన్ని చూసి మందు మానకు" అన్నాను. వాళ్ళత్తగారు "ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశావా సంపూర్ణమ్మా" అంది. అనాల్సిందే. నేను తలొంచుకుని పడ్డాను. మర్నాడు రూబీ నాతో ఆస్పత్రికి వచ్చింది. మందు పిఠాపురంలోనే కొన్నాం, అందరూ చూస్తుండగా.

సంఘం ముందు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వచ్చిందని నీకు అబద్ధం రాయను, ఒకసారి చెప్పింది చాలు. ఇంట్లో మాత్రం ఇక దాపరికం లేదు. ముందుగదిలో నీకు మంచం వేస్తాను. వచ్చినవాళ్ళ ముందే సూది వేసుకో. అడిగినవాళ్ళకి నేను చెబుతాను. అయినా నీకు భయంగా ఉంటే రావద్దు, నేనే తుని వస్తాను, మీ అత్తగారు ఏమనుకున్నా సరే.

ఆ అన్నం కప్పు ఎంతుంటుందో చెప్పు. సూది ఎలా వెయ్యాలో కూడా నేర్పు. ఇన్నేళ్ళు మందు మోశాను గానీ, నా చేత్తో నీకు ఒక్కసారి వెయ్యలేదు. చూడలేక కాదు, చూస్తే నిజమని ఒప్పుకోవాలని.

మీ అమ్మ,
సంపూర్ణమ్మ


తుని,
బుధవారం.

అమ్మా,

క్షేమంగా చేరాం. పాప దారంతా నిద్రపోయి, ఇంటికి రాగానే లేచి మా అందరి నిద్రా పోగొట్టింది. నువ్వు కట్టిచ్చిన బాలింత కాయం డబ్బా ఎదురుగానే ఉంది. నా కోసం బెల్లం వెయ్యకుండా చేశావు, బాగానే ఉంది, కానీ అది తింటే షుగరే కాదు, బతుకు మీద ఆశ కూడా తగ్గుతుంది. జయపాల్ పందెం కాసి ఒక ముద్ద నోట్లో వేసుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

నీ ఎదురుగా చెప్పలేకపోయినవి రాస్తున్నాను. పాప పుట్టగానే దానికి షుగర్ తక్కువగా ఉందని అద్దాల గదిలో పెట్టి, మడమ గుచ్చి రక్తం తీస్తుంటే, నువ్వు బయట నిలబడి కళ్ళు తిప్పుకోకుండా చూశావు. నర్సు నీతో "భయపడకండమ్మా, రేపటికి సర్దుకుంటుంది" అంటే, "నాకు రెండో ముక్క కూడా చెప్పండమ్మా, వింటాను" అన్నావు. ఆమెకి అర్థం కాలేదు. ఆమె వచ్చి ఆ సంగతంతా చెబితే, మంచం మీదున్న నాకు అర్థమైంది. నీ ఉత్తరం చదివి మనసు మార్చుకుని మన ఇంటికి వచ్చాక, ఒక మధ్యాహ్నం పాలిస్తుంటే నా కళ్ళు తేలిపోయాయి. అప్పుడు పాస్టరమ్మ గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. నువ్వు పాపని అందుకుని, నా వేలు గుచ్చి చూసి, గ్లూకోజు నీళ్ళు పట్టించావు. "ఒక్క నిమిషం ఆగండి, మా అమ్మాయికి షుగర్ పడిపోయింది" అన్నావు. ఇంకేమీ కలపలేదు. నువ్వు వేలు గుచ్చితే నొప్పి తెలియదమ్మా, నేను గుచ్చుకుంటే తెలుస్తుంది.

ఇక మొన్నటి ఆదివారం. పాపకి షుగర్ లేదని రిపోర్టు వచ్చింది ఆ వారమే. పాస్టరు అయ్యగారు "సాక్ష్యాలు ఉన్నవాళ్ళు లేవండి" అనగానే నువ్వు లేచావు. మళ్ళీ అదే చెబుతావని, ఈసారి పాపని సాక్ష్యం ఉన్న పిల్లని చేస్తావని అనుకున్నాను. నీ చీర కొంగు పట్టుకుని లాగాను. నువ్వు నా చెయ్యి విడిపించుకుని, పాపని ఎత్తుకుని ముందుకి వెళ్ళావు.

"ఈ పాపకి షుగర్ లేదని రిపోర్టు వచ్చిందండి. రేపటి సంగతి నాకు తెలీదు, అందుకని దీని గురించి ఏమీ చెప్పను. చాలా ఏళ్ళ కిందట ఇక్కడే నిలబడి నా కూతురికి షుగర్ పోయిందని చెప్పాను. పోలేదండి. తర్వాత తెలిసి కూడా చెప్పలేదు. దేవుడు చెయ్యనిది చేశాడని చెప్పినందుకు ఆయన్ని క్షమించమంటున్నాను, మిమ్మల్నీ, నా బిడ్డనీ కూడా. రోజుకి నాలుగుసార్లు సూది పొడుచుకుని, కడుపు మాడ్చుకుని, ఆ షుగర్‌తోనే ఇది ఈ పిల్లని కన్నదండి. నా సాక్ష్యం ఇదే."

ఎవరూ స్తోత్రం అనలేదు. నువ్వు అక్కడ ఒక్కదానివే నిలబడ్డావు. అప్పుడు వెనక వరసలో రూబీ, నెలల పిల్లాడిని భుజాన వేసుకుని లేచి, "స్తోత్రం" అంది. తర్వాత ఒక్కొక్కరే అన్నారు. అందరూ అనలేదు. శాంతికుమార్ గారు బయటికి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక నువ్వు అడిగావు, "వినీలా, తప్పు చేశానా? నిన్ను అందరి ముందూ పెట్టేశానా?" అని. పాప ఏడుస్తోందని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. పాప ఏడవలేదమ్మా, ఏడ్చింది నేను. ఆ ప్రశ్నకి జవాబు బాకీ పడ్డాను. ఇప్పుడు చెబుతున్నాను. రెండో కాన్పు పుట్టింటి వంతు కాదంటారు, అననీ. దానికి కూడా నీ దగ్గరికే వస్తాను. నీకిలా మాటిచ్చేశానని జయపాల్‌కి ఇంకా చెప్పలేదు.

నీ వినీల